చదవలేని పిల్లవాడి కులమేది?

మొన్న వేసవిలో మా తమ్ముడు తన కొడుకును వెంటబెట్టుకుని హైదరాబాదు వచ్చాడు. పిల్లవాడికి తొమ్మిదేళ్ళు, మూడో తరగతి పూర్తయింది. బోరు మోటారు చప్పుడు విని దానికేం తేడా వచ్చిందో చెప్పగలడు. నేను సగంలో ఆపిన కథను మూడు నెలల తర్వాత సరిగ్గా ఆ చోటు నుంచే అందుకోగలడు. పుస్తకం ముందు పెడితే మాత్రం వాడికి నోరు పెగలదు. ‘కర్త’ను ‘కత్ర’ అంటాడు, ‘వల’ను ‘పల’ అంటాడు, నిన్న నాలుగుసార్లు చదివిన మాట ఇవాళ వాడికి మళ్ళీ కొత్త. బడిలో నిన్నేమంటార్రా అని అడిగాను. తల దించుకుని ‘మొద్దు’ అన్నాడు.

ఆ మాట మా ఇంటికి కొత్తది కాదు. ముప్ఫై అయిదేళ్ళ క్రితం వాడి తండ్రినీ అలాగే పిలిచారు. పిలిచినవాళ్ళలో నేనూ ఉన్నాను.

మాది ప్రకాశం జిల్లాలో పొగాకు పండే మెట్ట ప్రాంతం. ఊరికి ఎడంగా మాదిగపల్లె. అమ్మ బ్యారన్ దగ్గర ఆకును కర్రలకు అల్లే కూలికి వెళ్ళేది. ఎన్ని కర్రలు అల్లితే అంత కూలి. మధ్యాహ్నానికి ఎవరివి ఎన్ని కర్రలయ్యాయో, నిన్నటి బాకీ ఎంతో, ముందుగా తీసుకున్నది పోగా చేతికి ఎంత రావాలో పదిమంది ఆడవాళ్ళ లెక్కను మా తమ్ముడు ఎనిమిదేళ్ళ వయసులో నోటితోనే ఉంచేవాడు. మేస్త్రి లెక్క తప్పితే వాళ్ళు వీడిని పిలిచేవారు. అదే పిల్లవాడు బడిలో వాచకం తెరిస్తే కొయ్యబారిపోయేవాడు. నేను అయిదు, వాడు మూడు. రెండు తరగతులూ ఒకే గదిలో, ఒకే అయ్యవారి కింద. తమ్ముడికి రాని వాక్యాన్ని అయ్యవారు నన్ను లేపి చదివించేవాడు. చదివాక ఎడమచేత్తో వాడి ముక్కు పట్టుకుని కుడిచేత్తో చెంప మీద కొట్టమనేవాడు. మా తరం వాళ్ళకు ఈ శిక్ష బాగా తెలుసు. మెల్లగా కొడితే ఆ దెబ్బ నాకు పడేది. అందుకని గట్టిగానే కొట్టేదాన్ని. కొన్నాళ్ళకు, నిజం చెప్పాలంటే, కొట్టడం నాకు కష్టమనిపించడం కూడా మానేసింది. వాడికి నిజంగానే బుర్ర లేదనుకున్నాను.

ఆ ఏడాది చివర్లో అయ్యవారు మా నాన్నతో అన్న మాట నాకింకా గుర్తుంది. ‘మీవాళ్ళలో ఇంటికి ఒకరు చదివితే అదే ఎక్కువ. వీణ్ణి పనిలో పెట్టుకో.’ ఆయన దుర్మార్గుడేమీ కాదు, నాకు పలకా బలపాలూ కొనిచ్చిన మనిషే. అదే గదిలో ఊళ్ళో మోతుబరి కొడుకు ఒకడుండేవాడు. వాడూ మా తమ్ముడిలాగే అక్షరాలు తారుమారు చేసేవాడు. వాడి విషయంలో అయ్యవారి తీర్పు ‘ధ్యాస నిలవదు, చిన్నతనం’. వాడికి సాయంత్రం ఇంటి దగ్గర చదువు చెప్పే మనిషిని పెట్టారు, తర్వాత ఒంగోలు పంపారు. ఇద్దరు పిల్లల్లో ఉన్న తడబాటు ఒక్కటే. ఒకడి తడబాటు వయసు వల్ల వచ్చినదైంది, ఇంకొకడిది పుట్టుక వల్ల వచ్చినదైంది. మా తమ్ముడు నాలుగో తరగతి దాటలేదు.

తెలివితేటలకూ చదవగలగడానికీ నేరుగా సంబంధం లేదన్న సంగతి లోకానికి తెలిసి ఒక శతాబ్దం దాటిపోయింది. 1896లో ఇంగ్లండులో ప్రింగిల్ మోర్గన్ అనే వైద్యుడు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో పెర్సీ అనే 14 ఏళ్ళ కుర్రవాడి గురించి రాశాడు. చురుకైనవాడు, ఆటల్లో ఎవరికీ తీసిపోడు, లెక్కలు చేయగలడు, కానీ ఏళ్ళ తరబడి నేర్పినా చిన్న చిన్న మాటలు కూడా చదవలేడు. చదువంతా నోటిమాటగానే సాగితే బడిలోకెల్లా చురుకైనవాడు వీడేనని ఉపాధ్యాయుడు అభిప్రాయపడినట్టు కూడా అందులో ఉంది. డిస్లెక్సియా అన్న పేరు అంతకు తొమ్మిదేళ్ళ ముందే జర్మనీలో పుట్టింది. మాటలోని ధ్వనులను విడదీసి, వాటిని అక్షరాలతో ముడిపెట్టే పనిలో మెదడు పడే ఇబ్బంది ఇది. కుటుంబాల్లో తరతరాలుగా వస్తుంటుంది. సరైన పద్ధతిలో ఓపికగా నేర్పితే ఇబ్బంది తగ్గుతుంది, పూర్తిగా పోకపోయినా చదువు ఆగదు.

అయితే ఈ జ్ఞానం పుట్టినచోటే దాని చుట్టూ కంచె కూడా లేచింది. అమెరికాలో 1963లో శామ్యూల్ కర్క్ ‘అభ్యసన వైకల్యం’ అన్న మాటను ప్రచారంలోకి తెచ్చాడు. 1975లో వచ్చిన చట్టం ఆ పిల్లలకు ప్రత్యేక బోధన హక్కును ఇచ్చింది. అదే చట్టం నిర్వచనంలో ఒక మినహాయింపు పెట్టింది. పరిసరాల వల్ల, సంస్కృతి వల్ల, ఆర్థిక వెనుకబాటు వల్ల ప్రధానంగా చదువు రాని పిల్లలు ఈ కోవలోకి రారు. చూడటానికి తార్కికంగానే ఉంటుంది. పేదరికాన్ని జబ్బుగా చూపకూడదన్న జాగ్రత్త కూడా అందులో ఉంది. ఆచరణలో మాత్రం తెల్లజాతి మధ్యతరగతి పిల్లవాడు చదవలేకపోతే అది మెదడు తీరు అయింది, నల్లపిల్లవాడు చదవలేకపోతే ఇంటి వాతావరణం అయింది. ఈ వర్గీకరణ ఎవరి అవసరం కోసం పుట్టిందని క్రిస్టీన్ స్లీటర్ అనే విద్యావేత్త 1986లోనే ప్రశ్నించారు. ఆ వ్యాసం చదువుతున్నప్పుడు నాకు మా ఊరి ఒంటిగది బడి కళ్ళముందు నిలిచింది. పేదపిల్లవాడికి కూడా డిస్లెక్సియా ఉండవచ్చునన్న చిన్న సంగతి ఆ నిర్వచనం రాసినవారికి తట్టలేదు.

మన దేశంలో మధ్యతరగతికి ఈ మాట సినిమా ద్వారా తెలిసింది. 2007లో ‘తారే జమీన్ పర్’ చూసి ఏడవని తల్లిదండ్రులు లేరు, నేనూ ఏడ్చాను. అందులో పిల్లవాడి ఇంటిపేరు అవస్థీ. మరీ ఛాందసంగా ఇంటిపేర్లు లెక్కపెడుతున్నానని అనుకోకండి. ఆ తండ్రి ఎంత కోపిష్టివాడైనా కొడుకు చదవలేకపోవడం ఆ ఇంట్లో ఒక విపత్తు. విపత్తు గనక దానికి కారణం వెతికారు. మా పల్లెలో పిల్లవాడు చదవలేకపోవడం విపత్తు కాదు, అందరూ ముందే ఊహించిన విషయం. ముందే ఊహించినదానికి కారణం ఎవరు వెతుకుతారు?

చట్టం విషయంలో మనం నిజానికి మెరుగ్గానే ఉన్నాం. 1995 నాటి వికలాంగుల చట్టంలో ఈ పిల్లల ఊసే లేదు. 2016 చట్టం 21 రకాల వైకల్యాల్లో ‘నిర్దిష్ట అభ్యసన వైకల్యాల’ను చేర్చింది. అమెరికా చట్టంలోని మినహాయింపు మన నిర్వచనంలో లేదు. పిల్లల్లో ఈ ఇబ్బందిని వీలైనంత త్వరగా కనిపెట్టి తగిన బోధన అందించే బాధ్యతను బడుల మీద, ప్రభుత్వాల మీద పెట్టింది. 2018 జనవరిలో వచ్చిన మార్గదర్శకాలు ఎనిమిదేళ్ళకో మూడో తరగతికో, ఏది ముందైతే అప్పుడు, పిల్లలను పరిశీలించాలన్నాయి. మా మేనల్లుడు ఆ రెండూ దాటాడు. వాణ్ణి ఎవరూ పరిశీలించలేదు. వాడి తోటివాళ్ళనూ పరిశీలించలేదు. ఆ మార్గదర్శకాల మాట చెబితే వాడి బడి ప్రధానోపాధ్యాయుడు మర్యాదగా విని, ఏ రిజిస్టరులో రాయాలో చెప్పండి మేడం అన్నాడు. అందులో వెటకారం లేదు, నిజంగానే అడిగాడు.

నేను ఉద్యోగస్తురాలిని గనక పిల్లవాణ్ణి నగరంలో ఒక ప్రైవేటు నిపుణురాలి దగ్గరకు తీసుకువెళ్ళాను. రెండు రోజుల పరీక్షలు. అందుకయిన ఖర్చు మా తమ్ముడికి సుమారు ఒక నెల సంపాదన. వాడికి తెలియకుండా కట్టాను. పరీక్షల్లో సగం ఇంగ్లీషులో జరిగాయి. తెలుగులో ఏ వయసు పిల్లలు ఎంత వేగంగా చదువుతారో చెప్పే ప్రమాణాలు తన దగ్గర లేవని ఆమె నిజాయితీగానే ఒప్పుకుంది. చివరికి పది పేజీల నివేదిక ఇచ్చింది, అదీ ఇంగ్లీషులోనే. పిల్లవాడికి తెలివి సగటు కంటే ఎక్కువ, డిస్లెక్సియా ఉంది, తండ్రికీ ఉండే అవకాశం ఉంది.

ఆ రాత్రి మా తమ్ముడు నివేదికను చేతిలో పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. కొడుకు ఎందుకు చదవలేకపోతున్నాడో చెప్పే కాగితాలను తండ్రి చదవలేడు. ‘అక్కా, ఏముందో చెప్పు’ అన్నాడు. చెప్పాను. తండ్రి నుంచి కొడుక్కి రావచ్చునన్న వాక్యం దగ్గర ఆగిపోయి, మళ్ళీ చెప్పమన్నాడు. మళ్ళీ చెప్పాను. నవ్వాడు. ‘అయితే ఆ దెబ్బలన్నీ ఎవరి ఖాతాలో రాయాలక్కా?’ అన్నాడు. లెక్కలు ఉంచే మనిషి గదా, వాడి మాటతీరే అంత. నాకు మాత్రం జవాబు రాలేదు.

ప్రైవేటు నివేదిక ప్రభుత్వానికి చెల్లదు. పరీక్షల్లో అదనపు సమయం, రాసిపెట్టే మనిషి సాయం వంటి వెసులుబాట్లు కావాలంటే ప్రభుత్వ వైద్యమండలి ధ్రువపత్రం కావాలి. ఆ నిర్ధారణకు పిల్లల వైద్యులతోపాటు మనస్తత్వ నిపుణులు, ప్రత్యేక బోధన తెలిసినవారు ఉండాలి. మా తమ్ముడు కూలి మానుకుని ఒక జిల్లా ఆసుపత్రికి మూడుసార్లు తిరిగాడు. మొదటిసారి ఈ పేరుతో జబ్బే లేదన్నారు. రెండోసారి నిపుణులు లేరన్నారు. మూడోసారి, పిల్లవాడు చక్కగా మాట్లాడుతున్నాడు, చేతులూ కాళ్ళూ బాగున్నాయి, పింఛను కోసం వచ్చారా అని అడిగారు. ఆ ప్రశ్న తర్వాత వాడు నాలుగోసారి వెళ్ళలేదు. నగరంలోని పెద్ద బడుల్లో ఇదే ధ్రువపత్రం కోసం తల్లిదండ్రులకు దారిచూపే ఉద్యోగులు ఉంటారు. ఆ పిల్లలకు అందుతున్నది అన్యాయంగా అందుతోందని నేను అనడం లేదు. వాళ్ళకది అవసరమే. అడగడం తెలిసిన ఇళ్ళకే ఆ హక్కు చేరుతోందని అంటున్నాను.

కులం పిల్లల బుర్ర మీద ఎలా పనిచేస్తుందో చెప్పిన రెండు పరిశోధనలను విద్యార్థులకు తరచు చెబుతుంటాను. కార్లా హాఫ్, ప్రియాంకా పాండే ఉత్తరప్రదేశ్ పల్లెల్లో 642 మంది మగపిల్లల చేత కాగితం మీద గీసిన చిక్కుదారులను విప్పించారు. కులం ప్రస్తావన లేనప్పుడు అగ్రకులాల పిల్లలకూ దళిత పిల్లలకూ తేడా దాదాపు లేదు. అందరి ముందూ పేరు, కులం చదివి ఆట మొదలుపెడితే దళిత పిల్లల ఫలితాలు పడిపోయాయి. రెండోది రేమా హన్నా, లే లిండెన్ చేసినది. పరీక్ష కాగితాల మీద పిల్లల కులాన్ని చీటీ వేసినట్టు యాదృచ్ఛికంగా మార్చి రాసి ఉపాధ్యాయుల చేత దిద్దించారు. కింది కులం అని రాసిన కాగితాలకు కొంచెం తక్కువ మార్కులు పడ్డాయి. మొదటి పరిశోధనను మనం సభల్లో ఉత్సాహంగా ఉదహరిస్తాం. రెండోదానిలో ఒక సంగతి ఉంది, దాన్ని మాత్రం దాటేస్తాం. తక్కువ మార్కులు వేసిన ధోరణి ఎక్కువగా కనిపించింది కింది కులాల ఉపాధ్యాయుల్లోనే.

అది మొదటిసారి చదివినప్పుడు నమ్మబుద్ధి కాలేదు. తర్వాత నా చేతివైపు చూసుకున్నాను. కొన్నేళ్ళ క్రితం నా తరగతిలో పాలమూరు వైపు నుంచి వచ్చిన ఒక ఎం.ఏ. విద్యార్థి ఉండేవాడు. చర్చలో అతను లేచాడంటే గది నిశ్శబ్దమయ్యేది. జవాబు పత్రం చూస్తే గుణింతాలు తప్పులు, ఒత్తులు తారుమారు, సగం వాక్యాలు. నేను వాటి కింద ఎర్ర సిరాతో గీతలు గీసి, మనవాళ్ళు భాష మీద శ్రద్ధ పెట్టాలి అని అతనికి హితబోధ చేశాను. ‘మనవాళ్ళు’ అన్నాను. మా అయ్యవారు అన్నది ‘మీవాళ్ళు’. అతను రెండో ఏడాది రాలేదు. అతనికి ఏ ఇబ్బంది ఉండేదో నాకు తెలియదు, తెలుసుకోవాలన్న ఆలోచనే అప్పుడు నాకు రాలేదు.

అసలు మన చెవికి ఏ తప్పు వినబడుతుందో చూడండి. మా మేనల్లుడు ‘వెళ్ళాడు’ను ‘ఎళ్ళాడు’ అని చదివితే ఉపాధ్యాయుడు వెంటనే ఆపుతాడు. ‘భోజనం’ ‘బోజనం’ అయితే తరగతి నవ్వుతుంది. ఈ రెండూ చదవడంలో తప్పులు కావు. అక్షరాన్ని గుర్తుపట్టి, అర్థం గ్రహించి, తన ఇంటి తెలుగులో పలికాడు, అంతే. గిడుగు రామమూర్తి వ్యావహారికం కోసం పోరాడి నూరేళ్ళు దాటినా బడిలో ఇంటి తెలుగుకు అంటు పోలేదు. అసలు చూడవలసినది ‘కర్త’ ‘కత్ర’ కావడం, ‘వల’ ‘పల’ కావడం, చిన్న వాక్యానికి నిమిషం పట్టడం. ఇవి ఎవరూ పట్టించుకోరు, ఎందుకంటే పలుకుబడి దగ్గరే తీర్పు అయిపోయింది. కులాన్ని వినే చెవికి ఇబ్బంది వినబడదు. లంబాడీ, కోయ పిల్లల సంగతి ఇంకా కష్టం, వాళ్ళకు బడి తెలుగే రెండో భాష.

మన లిపి కూడా కొంత ఓపిక అడుగుతుంది. ఇంగ్లీషులో అక్షరాలు 26. మనకు అచ్చులు, హల్లులు, గుణింతాలు, ఒత్తులు కలిపితే పిల్లవాడు గుర్తుపెట్టుకోవలసిన రూపాలు వందల్లో ఉంటాయి. మన లిపికి తోబుట్టువైన కన్నడంలో సొనాలి నాగ్ చేసిన పరిశోధన ప్రకారం మామూలు పిల్లలకు కూడా అక్షరాలన్నీ పట్టుబడేసరికి నాలుగో తరగతి వస్తుంది. మన వాచకం ఒకటో తరగతితోనే ఆ పని అయిపోయిందన్నట్టు సాగిపోతుంది. ఏటా వచ్చే అసర్ నివేదికల్లో దేశంలోని అయిదో తరగతి పిల్లల్లో సుమారు సగంమంది రెండో తరగతి పాఠం చదవలేకపోతున్నారంటే వాళ్ళందరికీ డిస్లెక్సియా ఉన్నట్టు కాదు. నేర్పవలసినవి నేర్పలేదని అర్థం. ఎవరికి బోధన లోపం, ఎవరికి మెదడు తీరు అని విడదీయడానికి ఖరీదైన పరీక్షకంటే ముందు చేయదగ్గ పని ఒకటుంది. అందరికీ కొన్ని నెలలు పద్ధతిగా నేర్పాలి. అప్పటికీ ఆగిపోయిన ఒకరిద్దరిని ప్రత్యేకంగా చూడాలి. దీనికి ధ్రువపత్రం అక్కర్లేదు.

మా పిల్లవాడి విషయంలో చేస్తున్నది చాలా మామూలు పని. రోజుకు ఇరవై నిమిషాలు, అంతకు మించి లేదు. పళ్ళెంలో ఇసుక పోసి, పైకి పలుకుతూ, వేలితో దిద్దుతాడు. వారానికి ఒకే అక్షరం, దాని గుణింతం. వ, ప ఒకే వారం నేర్పం. మాటను చప్పట్లతో అక్షరాలుగా విడగొడతాడు. ఒత్తులు వేరే అట్టముక్కల మీద ఉంటాయి, చేత్తో జరిపి కింద పెడతాడు. వాళ్ళమ్మ ఏడో తరగతి దాకా చదివింది, ఇప్పుడు ఆమే వాడి ఉపాధ్యాయురాలు. పాఠాలను నేను ఫోనులో చదివి పంపుతాను, వాడు వింటాడు. ఇసుకలో దిద్దించడం పాశ్చాత్య నిపుణులు కొత్తగా చెప్పిన విద్యేమీ కాదు. మన వీధిబడుల్లో చదువు మొదలయ్యేదే ఇసుకలో. మలబారు పిల్లలు ఇసుకలో రాయడం చూసే ఆండ్రూ బెల్ మద్రాసులో తన బోధన పద్ధతికి శ్రీకారం చుట్టి, దాన్ని ఇంగ్లండుకు మోసుకుపోయాడు. ఆ వీధిబడి అరుగు మా తాతలు ఎక్కడానికి వీల్లేనిది. వాళ్ళ మునిమనవడికి ఆ ఇసుక ఇప్పుడు, ఒక ఇంగ్లీషు నివేదికలోని సిఫారసుగా, అందింది.

ఇంగ్లీషు మాధ్యమం మీద నా పాత అభిప్రాయం మారలేదు. దళిత పిల్లలకు తెలుగు తీపిని బోధించేవారి పిల్లలు ఎక్కడ చదువుతున్నారో మాకు తెలుసు. ఆంధ్రప్రదేశ్ పాఠ్యపుస్తకాల్లో ఎదురెదురు పేజీల్లో రెండు భాషలూ వేయడం మంచి పని. కానీ రాసినట్టు పలకని ఇంగ్లీషు ఇలాంటి పిల్లవాడికి రెట్టింపు బరువు. ఇంగ్లీషు కావాలని పోరాడిన మనమే ఆ బరువు మోయడానికి సాయం కూడా కావాలని అడగలేదు. మన ఉద్యమాల శ్రద్ధంతా సీటు సంపాదించడం మీద ఉంది, అది సహజమే. సీటు దొరికిన తర్వాత అందులో కూర్చున్న పిల్ల ఎందుకు నోరు విప్పడం లేదో అడిగే తీరిక మనకు లేకపోయింది. విద్యార్థి సంఘాల మిత్రులు వసతిగృహాల్లో అన్నం గురించి, మరుగుదొడ్ల గురించి సర్వేలు చేస్తారు. ఒకసారి పిల్లల చేత ఒక పేజీ చదివించి వినమని వాళ్ళను అడుగుతున్నాను.

పిల్లవాడు ఈ డిసెంబరుకు రెండో తరగతి వాచకంలో చిన్న పాఠం తనంతట తాను చదివాడు. వాడి కొత్త ఉపాధ్యాయుడు పరిసరాల విజ్ఞానంలో ప్రశ్నలను నోటితో అడగడానికి ఒప్పుకున్నాడు. మొలకెత్తే గింజ గురించి వాడు చెబుతుంటే ఆపడం కష్టమైందని ఫోనులో చెప్పాడు.

ఇప్పుడు అయిదో తరగతి గురుకులం దరఖాస్తు వచ్చింది. మా వాడలో పైకి వచ్చిన పిల్లలందరూ ఆ గుమ్మం దాటినవాళ్ళే. ఆ గుమ్మానికి తాళం రాతపరీక్ష. చదివి, నిర్ణీత సమయంలో గళ్ళు నింపాలి. వినిపించి అడిగితే మా వాడు ఎవరికీ తీసిపోడు, కానీ ఎవరూ వినిపించి అడగరు. దరఖాస్తులో కులం గడి తర్వాత ఇంకొక గడి ఉంది. దివ్యాంగులా, అవునా కాదా. అవును అంటే ధ్రువపత్రం జత చేయాలి, అది మా దగ్గర లేదు. కాదు అంటే మామూలు సమయంలోనే రాయాలి. నిన్న రాత్రి తమ్ముడు ఫోను చేశాడు. నెట్ సెంటరులో కూర్చుని ఉన్నాడట, పక్కన కుర్రవాడు టైపు చేస్తున్నాడట.

‘అక్కా, కులం దగ్గర రాయించేశా. ఈ రెండో గడిలో ఏం పెట్టమంటావు? అది కూడా పెడితే వీడికి ఇంకో పేరు తగిలించినట్టవుతుందా?’

గడువు ఇంకా నాలుగు రోజులుందిగా, ఇవాళ్టికి ఇంటికి వెళ్ళు అన్నాను.